ప్రమాణం చేయని సాక్షి

శుక్రవారం నమాజు ముగించుకుని మగవాళ్ళు ఇళ్ళకు చేరేసరికి హసనైన్ గారి నట్టింట్లో పొట్టి గుండ్రబల్ల సిద్ధంగా ఉండేది. బల్ల నడుమ పెద్ద పళ్ళెంలో బాతు కూర, పక్కన ఆకుకూర పులుసు, పిండిని ఎండలో పొంగించి కాల్చిన రొట్టెలు. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని ఒకే పళ్ళెంలో తినడం చెరకు పండే ఆ నైలు ఒడ్డు ఊళ్ళన్నింటిలోనూ మామూలే. ఆ ఇంట్లో మాత్రం, అందరూ కూర్చున్నాక, హసనైన్ భార్య వహీబా ఒక మట్టి గిన్నెలో కూర వడ్డించి, రెండు రొట్టెలు మూతగా పెట్టి వసారాలోకి పట్టుకెళ్ళేది. అక్కడ అరుగు మీద షాజిలీ ఒంటరిగా కూర్చుని తినేవాడు.

"పొలం నుంచి బురదకాళ్ళతో వచ్చాడమ్మా, లోపలికి రమ్మంటే రాడు" అని వహీబా అడిగినవాళ్ళకు చెప్పి నవ్వేసేది. అడిగినవాళ్ళూ నవ్వేసేవారు. ఆ గిన్నె వేరుపడటానికి అసలు కారణం తెలిస్తే ఎవరూ నవ్వి ఉండరు. చదువరులు దాన్ని కాస్త పట్టించుకోవాలని నా మనవి.

షాజిలీ పరాయివాడు కాదు. హసనైన్ తమ్ముడి కొడుకు. వాడికి మాటలు రాకముందే తమ్ముడు కన్నుమూస్తే, హసనైన్ వాడిని తన కొడుకు సఫ్వత్‌తో సమానంగా పెంచాడు. హసనైన్ ఊరి మసీదులో, నమాజుకు అందరినీ పిలిచే అజాన్ ఇచ్చే పెద్దమనిషి. ఆయన గొంతు వింటేనే ఊళ్ళో పొయ్యిలు వెలిగేవి, పొలాల్లో కొడవళ్ళు ఆగేవి. చిన్నప్పుడు షాజిలీని భుజాన ఎక్కించుకుని మసీదుకు తీసుకెళ్ళి, అజాన్‌లోని ఒక్కొక్క మాటా నేర్పింది కూడా ఆయనే.

కిందటి రంజాన్‌లో ఒక సాయంత్రం ఆయన మామూలుగా అడిగాడు. "ఏరా, మసీదులో నీ మొహం కనబడి ఎన్నాళ్ళయింది?"

పొలంలో నీళ్ళ పంపు దగ్గర పని ఎక్కువనో, నడుము నొప్పనో ఏదో సాకు చెబుతాడనుకున్నాడు. షాజిలీ మాత్రం, "నాకు నమ్మకం లేదు పెదనాన్నా. ఉండాలని చాలా ప్రయత్నించాను. రాలేదు. నీకు అబద్ధం చెప్పలేను" అన్నాడు.

ఆ పూట ఉపవాసం విడిచే వేళయినా హసనైన్ నోట ఖర్జూరం పెట్టలేదు. "నేను చచ్చి పైకి పోతే మీ నాన్న అడగడూ, నా కొడుకుని ఏం చేశావన్నయ్యా అని? ఏం చెప్పమంటావురా?" అని ఏడ్చాడు. ఏడుపు తగ్గాక కోపం వచ్చింది. కోపం తగ్గాక భయం వేసింది. ఈ సంగతి బయటికి పొక్కితే ఊరు ఊరుకుంటుందా? పోలీసులు ఊరుకుంటారా? "ఈ మాట ఈ గడప దాటకూడదు. నాకు మాటివ్వు" అన్నాడు. షాజిలీ మాటిచ్చాడు. ఆ మరునాటి నుంచి ఊళ్ళో ఎవరడిగినా, "మావాడు పొలం గట్టునే నమాజు చేసుకుంటాడు" అని అజాన్ ఇచ్చే ఆ నోటితోనే హసనైన్ చెప్పుకొచ్చాడు. ఇంట్లో గిన్నె వేరుపడింది.

వింత ఏమిటంటే, వహీబా తమ్ముడొకడు ఊరందరినీ ముంచి, కన్న తల్లి పొలాన్ని కూడా కాజేసి తిరిగేవాడు. పండగకు వస్తే అదే పళ్ళెం దగ్గర వాడికి మెత్తటి దిండు వేసి కూర్చోబెట్టేవారు. ఎవరి పొలమూ కాజేయని షాజిలీకి అరుగే గతి. ఎందుకలా అని ఆ ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు. మన ఇళ్ళలో మాత్రం ఎవరాలోచిస్తున్నారు?

* * *

చెరకు కోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఆ ఇంటి మీద పిడుగు పడింది. సఫ్వత్ చెరకు బండిని ట్రాక్టరుకు తగిలించుకుని కాలువ గట్టు మీద వెళ్తుండగా బండి బురదలో దిగబడింది. ఎంత లాగినా రాలేదు. ఉన్నట్టుండి ట్రాక్టరు పట్టు తప్పి వెనక్కి జారింది. బండి వెనక ఉన్న నాదీ అనే కుర్రాడు చక్రం కింద పడి ప్రాణం విడిచాడు.

నాదీ, అబ్దుల్ ఆల్ ఒక్కగానొక్క కొడుకు. రెండు కుటుంబాలకూ కాలువ నీటి దగ్గర ఏనాటి నుంచో పడదు. దానికి తోడు, అంతకు కొన్నాళ్ళ ముందే నాదీ, సఫ్వత్ టీకొట్లో అందరి ముందూ కాలర్లు పట్టుకున్నారు. "నీ అంతు చూస్తా" అని సఫ్వత్ అరిచిన అరుపు ఊరంతా విన్నది. ఇక చెప్పేదేముంది? కావాలనే తొక్కించాడని అబ్దుల్ ఆల్ వైపువాళ్ళు తేల్చేశారు.

"నేను పిలవలేదు నాన్నా. దారిన పోతూ ఆగి, వాడే వచ్చి బండికి భుజం పెట్టాడు. ఇక మనకు గొడవలొద్దురా అన్నాడు" అని సఫ్వత్ తల బాదుకుని ఏడ్చాడు. ఎవరు నమ్ముతారు? పోలీసులు ప్రమాదమని రాసుకుని వదిలేశారు. కానీ ఆ ఊళ్ళలో చావుకు చావు అడిగే పగ కాగితంతో చల్లారదు. అబ్దుల్ ఆల్ పరామర్శకు వచ్చినవాళ్ళను కూర్చోనివ్వలేదు. టీ ఇవ్వలేదు. అంటే పగ తీరేదాకా సంతాపం పట్టనని అర్థం. ఆ కబురు విన్న దగ్గర నుంచి హసనైన్ ఇంటి కిటికీలు తెరుచుకోలేదు. గేదె తల విదిలించి గొలుసు చప్పుడైనా వహీబా ఉలిక్కిపడి కొడుకు గది తలుపుకు అడ్డంగా వెళ్ళి నిలబడేది. హసనైన్ అజాన్‌కు వెళ్ళినప్పుడల్లా తిరిగొచ్చేదాకా ఆమె వీధి తలుపు దగ్గరే కాచుకుని ఉండేది.

చివరికి చుట్టుపక్కల ఊళ్ళకు పెద్ద అయిన హాజీ ఖలఫ్ మధ్యవర్తిగా దిగాడు. వచ్చే గురువారం సాయంత్రం నమాజు తర్వాత పందిరి వేసి సభ పెడదామన్నాడు. "కళ్ళారా చూసిన సాక్షి ఖురాన్ మీద చెయ్యి పెట్టి చెప్పాలి. ఆ ప్రమాణాన్ని అబ్దుల్ ఆల్ ఒప్పుకుంటే, సఫ్వత్ నా ప్రాణం నీ చేతుల్లో ఉందన్నట్టు, శవానికి చుట్టే కఫన్ గుడ్డను చేతుల మీద పెట్టుకొచ్చి ఆయనకు అందిస్తాడు. ఆయన అందుకుంటే పగ అక్కడితో సరి" అన్నాడు. ప్రమాణం లేకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. చెప్పనక్కర లేదు.

చూసినవాడు ఒక్కడే ఉన్నాడు. ఆ వేళ కాలువ అవతలి గట్టున నీళ్ళ పంపు దగ్గర ఉన్నది షాజిలీ.

* * *

హసనైన్ పంపు దగ్గరకు ఎండ నెత్తిన ఉండగా వచ్చాడు. ఎంతోకాలంగా పలకరింపు లేని పెద్దాయన ఇలా నడిచొచ్చేసరికి షాజిలీ ఇంజను ఆపేసి ఎదురెళ్ళాడు.

"వాడు చెప్పింది నిజమేనా?" అన్నాడు హసనైన్, కూర్చోకుండానే.

"నిజమే పెదనాన్నా. నాదీ తనంతట తానే వచ్చి భుజం పెట్టాడు. ఇద్దరూ ఏదో అనుకుని నవ్వుకున్నారు కూడా. అంతలోనే జారింది. సఫ్వత్ దూకి, వాడి మీద పడ్డ చెరకు గడలు చేతుల్తో లాగేస్తూ నన్ను కేకేశాడు. నేను ఈదుకుని వెళ్ళేసరికే అయిపోయింది."

"దేవుడా, నీకు దణ్ణం! ఇదే గురువారం సభలో చెప్పు. ఖురాన్ మీద చెయ్యి పెట్టి చెప్పు."

"చెబుతాను. చెయ్యి మాత్రం పెట్టను."

హసనైన్‌కు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం నల్లబడింది. "ఏం కూశావురా? వాడు నీ తమ్ముడు! ఒకే పక్కలో పడుకున్నారు!"

"అందుకే వస్తానంటున్నాను. చూసింది చూసినట్టు చెబుతాను."

"ఉత్త మాట ఎవడు నమ్ముతాడ్రా? నువ్వు నమాజు చేస్తావనే ఊరంతా అనుకుంటోంది. చెయ్యి పెట్టావంటే చాలు, నోరెత్తేవాడుండడు. నువ్వు చెప్పేది అబద్ధం కూడా కాదు. మరేంటి నీ నొప్పి?"

"నేను చెయ్యి పెడితే అబ్దుల్ ఆల్ ఏమనుకుంటాడు పెదనాన్నా? వీడు దేవుడికి భయపడి చెబుతున్నాడు, నరకానికి భయపడి చెబుతున్నాడు అనుకుంటాడు. ఆ భయం నాలో లేదు. కొడుకు పోయినవాడికి లేనిది ఉన్నట్టు చూపించి మోసం చెయ్యనా?"

"నీకది వట్టి కాగితమే కదా!" అని అరిచాడు హసనైన్. "కాగితం మీద చెయ్యి పెట్టడానికి నీ సొమ్మేం పోయింది?"

ఏమన్నాడో మాట నోటి నుంచి వచ్చేశాకే ఆయనకు తెలిసొచ్చింది. ఏ గ్రంథాన్ని ముట్టుకునే ముందు జీవితమంతా చేతులు కడుక్కున్నాడో, దాన్ని తన నోటితోనే కాగితం అన్నాడు.

"నాకు కాగితమే కావచ్చు" అన్నాడు షాజిలీ మెల్లగా. "నీకు కాదుగా. ఆయనకూ కాదు."

హసనైన్ చేతికర్ర పైకెత్తాడు. కొట్టలేదు. ఎత్తిన కర్రను అలాగే పట్టుకుని, "ఎందుకు చెయ్యి పెట్టవని సభలో అడిగితే? నేను నాస్తికుణ్ణని చెబుతావా?" అన్నాడు.

"చెప్పను. నీకు మాటిచ్చానుగా."

ఇంటికి వచ్చి హసనైన్ సంగతి చెప్పగానే వహీబా గుండెలు బాదుకుంది. "నేను ముందే చెప్పాను కాదూ, ఆ దిక్కుమాలినవాడి నీడ మన ఇంటి మీద పడకూడదని! దేవుడి భయం లేనివాడికి మనిషి మీద జాలేముంటుంది? నా బిడ్డను చంపేదాకా నిద్రపోడు వాడు!" అని ఆపకుండా తిట్టింది. తిడుతూనే కొడుకు కఫన్ గుడ్డను మడత పెట్టింది. మడత కుదరక విప్పి, మళ్ళీ మడిచింది.

భార్య తిట్లలో ఒక్క మాట హసనైన్‌కు ముల్లులా గుచ్చుకుంది. దేవుడి భయం లేనివాడు. పంపు దగ్గర ఇద్దరు మనుషులున్నారు. ఒకడు ఖురాన్‌ను తన పనికి వాడుకుందామన్నాడు. ఒకడు వద్దన్నాడు. వద్దన్నవాడు నమ్మకం లేనివాడు. ఈ లెక్క ఎంత వేసినా ఆయనకు తేలలేదు. గురువారం ఇంకా దగ్గరపడింది.

* * *

పందిరి కింద ఒకవైపు అబ్దుల్ ఆల్ మనుషులు, ఒకవైపు హసనైన్ మనుషులు. నడుమ చాప మీద హాజీ ఖలఫ్, ఆయన ముందు పచ్చని పట్టుగుడ్డలో ఖురాన్. చేతుల మీద తన కఫన్ గుడ్డ పెట్టుకుని, చెప్పులు లేకుండా సఫ్వత్ ఒక మూల నిలబడ్డాడు. అబ్దుల్ ఆల్ ఎవరి వైపూ చూడకుండా నేలను చూస్తున్నాడు.

షాజిలీ వచ్చి నిలబడి, చూసిందంతా చెప్పాడు. తక్కువా చెప్పలేదు, ఎక్కువా చెప్పలేదు. నాదీ భుజం పెట్టాడనే మాట దగ్గర అబ్దుల్ ఆల్ తల ఒక్కసారి లేచింది.

"బాగు నాయనా. ఇలా వచ్చి చెయ్యి పెట్టు" అని హాజీ ఖలఫ్ పట్టుగుడ్డ విప్పాడు.

షాజిలీ కదలలేదు. "నేను చూసింది చెప్పాను హాజీ గారూ. ప్రమాణం చేయలేను."

"ఏం? ఎందుచేత?"

షాజిలీ పెదనాన్న వైపు ఒక్కసారి చూశాడు. నోరు విప్పలేదు.

అంతే, పందిరి ఒక్కసారిగా భగ్గుమంది. "అబద్ధం! అందుకే చెయ్యి రావట్లేదు!" అని ఒకడు. "నేర్పించి తెచ్చారు, తీరా పుస్తకం చూసేసరికి కాళ్ళు చల్లబడ్డాయి!" అని ఇంకొకడు. అబ్దుల్ ఆల్ తమ్ముళ్ళు లేచి నిలబడ్డారు. ఒకడి చెయ్యి అంగీ లోపలికి పోయింది. ఆడవాళ్ళు కూర్చున్న గోడ వెనక నుంచి వహీబా కేక వినబడింది. సఫ్వత్ కళ్ళు మూసుకున్నాడు.

హసనైన్ లేచాడు. ఇప్పుడు నోరు తెరిస్తే ఊళ్ళో తన పరువు ఏమవుతుందో, మసీదులో తన చోటు ఏమవుతుందో, ఆ కుర్రాడి గతి ఏమవుతుందో ఆయనకు తెలుసు. తెరవకపోతే కొడుకు ఏమవుతాడో కూడా తెలుసు.

"ఆగండి! వీడు అబద్ధమాడి చెయ్యి పెట్టకపోవడం కాదు. వీడికి దేవుడి మీద నమ్మకం లేదు. ఆ సంగతి నాకు రంజాన్ నుంచి తెలుసు. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నది నేనే. పొలంలో నమాజు చేసుకుంటాడని మీ అందరికీ అబద్ధం చెప్పింది నేనే."

ఈసారి లేచిన గోల ఇందాకటి గోలను మించిపోయింది. "నాస్తికుడా! నాస్తికుణ్ణి సాక్షిగా తెచ్చావా?" అని తిట్లు, చెప్పు ఒకటి వచ్చి షాజిలీ భుజానికి తగిలింది. ఇంతసేపూ హసనైన్ వైపు కూర్చున్నవాళ్ళు కూడా షాజిలీకి దూరంగా జరిగారు. హాజీ ఖలఫ్ కర్రతో నేలను గట్టిగా కొట్టి, "ఆయన్ని పూర్తిగా చెప్పనివ్వండి!" అని గద్దించాడు.

"నేను వాడి దగ్గరికి వెళ్ళి బతిమాలాను" అన్నాడు హసనైన్. "ఎవరికీ తెలీదు కదా, చెయ్యి పెట్టెయ్యమన్నాను. నీకది వట్టి కాగితమే కదా అన్నాను. అవును, నేనే అన్నాను, దేవుడు నన్ను క్షమించుగాక! వాడు ఒప్పుకోలేదు. తమ్ముడు చస్తాడని తెలిసినా ఒప్పుకోలేదు. అబ్దుల్ ఆల్‌ను మోసం చెయ్యనన్నాడు. అబ్దుల్ ఆల్ అన్నయ్యా, నీ కొడుకు చావు ముందు నిలబడి చెబుతున్నాను. వీడి మాటకు నేను జామీను. ఇందులో అబద్ధముంటే ముందు నన్ను కాల్చు."

అబ్దుల్ ఆల్ నెమ్మదిగా లేచి షాజిలీ ఎదుటికి వచ్చి నిలబడ్డాడు. దగ్గర నుంచి చూస్తే ఆయన కళ్ళలో కోపం కన్నా భయమే ఎక్కువగా కనబడింది.

"దేవుడికే భయపడనివాడివి, నాకెందుకు నిజం చెబుతావురా? నిన్ను దేనితో కట్టెయ్యాలి నేను?"

"తెలీదు మామా" అన్నాడు షాజిలీ. అతని కళ్ళు నిండాయి. "రేపు కాలువ గట్టు మీద నువ్వు ఎదురొస్తే నీ మొహం చూడగలగాలి. నాకున్నది అంతే. అది చాలదంటే నేనేం చెయ్యలేను."

"నావాడు నిజంగానే నవ్వాడా?"

"నవ్వాడు మామా."

అబ్దుల్ ఆల్ కఫన్ గుడ్డ వైపు ఒకసారి చూశాడు. "నువ్వు నరకానికే పోతావు. నా నమ్మకం అది, మారదు. నీతో కూర్చుని తినను కూడా. కానీ ఒక్క చెయ్యి పెట్టుంటే నీకు అన్నీ దక్కేవి. నువ్వు పెట్టలేదు" అన్నాడు. తర్వాత మూల నిలబడ్డ సఫ్వత్ దగ్గరికి నడిచి, వాడి చేతుల మీది కఫన్ గుడ్డను అందుకున్నాడు. అందుకుని దాన్నే మొహానికి అడ్డం పెట్టుకుని, కొడుకు పోయిన నాటి నుంచి ఏడవని ఏడుపంతా ఏడ్చాడు. ఆ రాత్రి ఆయన ఇంట్లో మొదటిసారి సంతాపానికి వచ్చినవాళ్ళకు టీ ఇచ్చారు.

* * *

కథ ఇక్కడితో సుఖాంతమైతే ఎంత బాగుండేది! సఫ్వత్ బతికాడు. కానీ షాజిలీకి టీకొట్లో టీ పోయడం మానేశారు. పంపు బెల్టు ఎవరో కోసేశారు. "నువ్వు కొన్నాళ్ళు ఊరు విడిచి వెళ్ళు నాయనా, నీ మంచికే" అని హాజీ ఖలఫ్ కూడా కబురు పంపాడు. సభలో ఆ కుర్రాడి మాట మీదే రెండు కుటుంబాలు బతికిపోయాయి కదా, ఇంకా ఈ కక్ష ఏమిటని హసనైన్ మథనపడ్డాడు. కానీ ఆ కక్ష ఎలా పుడుతుందో ఆయన కన్నా ఎవరికి బాగా తెలుసు? నిన్నటిదాకా ఆయన కడుపులోనే ఉంది.

మరుసటి శుక్రవారం అజాన్‌కు వెళ్తే మసీదు మెట్ల మీద నలుగురు అడ్డు నిలిచారు. వాళ్ళలో పెద్దవాడు చెయ్యి చాచి, "ఇంట్లో అలాంటివాణ్ణి పెట్టుకుని, పైకెక్కి మమ్మల్ని పిలుస్తావా?" అన్నాడు.

"మీకు వాడి మీద అంత కోపం ఎందుకు?" అన్నాడు హసనైన్.

"దేవుణ్ణి కాదన్నాడు గనక!"

"దేవుణ్ణి వాడు కాదంటే దేవుడికేం తక్కువ కాలేదు. నాకు తక్కువైంది. ఆ పైలోకంలో వాడు నాకు దొరకడేమోనని ఏడ్చాను. ఊరికి తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో అని వణికాను. ఇంకో సంగతి కూడా ఉంది, ఎవరికీ చెప్పుకోలేదు. భయం లేకుండా కూడా వాడు మంచివాడిగా ఉంటే, నేనింతకాలం మంచిగా ఉన్నది భక్తితోనా, నరకంలో పడే దెబ్బలకు భయపడా అని నాకే సందేహం వచ్చింది. ఆ సందేహాన్ని భరించలేక వాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టాను."

నలుగురిలో ఒకడు పక్కకు తప్పుకున్నాడు. మిగతా ముగ్గురూ కదల్లేదు. హసనైన్ వాళ్ళ మధ్య నుంచే మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగాడు.

"మిమ్మల్ని నమాజుకు పిలవడం దేవుడు నాకప్పగించిన పని, పిలుస్తాను. రానివాడి మీద పగ పట్టమని మాత్రం ఆయన చెప్పలేదు, నా భయం చెప్పింది."